రేపటిని పలికించే ఆరు మాటలు

జాతకం చూసినాయన "నీకు బిడ్డ పుడతాడమ్మా" అంటాడు. ఏడో నెల కడుపుతో నీళ్ళు మోస్తున్న పిల్లని చూసి వీధిలో అమ్మలక్కలు "బిడ్డ పుట్టబోతున్నాడు, ఆ బిందె ఇలా ఇయ్యవే" అంటారు. మొదటి మాటకి నమ్మకం ఉంటే చాలు. రెండో మాటకి కళ్ళెదుట ఆధారం ఉంది, దాని వెంటే ఇప్పటికిప్పుడు చెయ్యాల్సిన పనీ ఉంది.

ఫ్రెంచిలో కూడా అచ్చంగా ఇదే తేడా ఉంది. "ఎలోరా అఁనాఁఫాఁ" అంటే ఆవిడకి ఎప్పటికో బిడ్డ పుడతాడు. "ఎల్ వా అవ్వార్ అఁనాఁఫాఁ" అంటే నెలలు నిండుతున్నాయి. ఈ రెండోదాన్ని వాళ్ళ వ్యాకరణంలో "ఫ్యుత్యుర్ ప్రోష్" అంటారు. సమీప భవిష్యత్తు అన్నమాట.

ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నవాళ్ళకీ, ఫ్రాన్సులో మాస్టర్స్‌కి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నవాళ్ళకీ, పిల్లల చదువులయ్యాక ఇప్పుడైనా ఒక కొత్త భాష నేర్చుకుందామనుకునే తల్లులకీ నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు ఈ కాలాన్ని పట్టుకోండి. మామూలుగా పుస్తకాల్లో ఇది కొన్ని పాఠాలు గడిచాక గాని రాదు. అంతదాకా ఆగకండి. ఆరు రూపాలు నోటికొస్తే రేపు మీరు చెయ్యబోయే ప్రతి పనినీ ఫ్రెంచిలో చెప్పగలరు. చెప్పిన పని మర్నాడు చేశారంటే భాషతో పాటు ఇంకొకటి కూడా బాగుపడుతుంది. అది మీ మాట.

మనం "చేస్తాను" అన్న మాటని ఎన్నిటికి వాడుకుంటామో గమనించండి. రోజూ చేసే పనికీ చేస్తాను. వచ్చే ఏడాది చేద్దామనుకునే పనికీ చేస్తాను. మొహమాటానికి ఒప్పుకుని, చెయ్యకూడదని మనసులో అప్పుడే తేల్చుకున్న పనికి కూడా చేస్తానే. వినేవాళ్ళకి ఏది ఏదో తెలియదు. కొన్నాళ్ళకి మనకే తెలియకుండా పోతుంది. "చేయబోతున్నాను" అన్న మాట అలా ఊరికే రాదు. "ఎప్పుడు?" అని ఎదుటివాళ్ళు అడిగితే సమాధానం ఉండాలి.

గోదావరి లంకల్లో బతికేవాళ్ళకి ఈ తేడా పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. భద్రాచలంలో నీరు పెరిగిందని తెలిస్తే, ఆ నీరు సుమారు ఒక రోజులో ధవళేశ్వరానికి వస్తుందని వాళ్ళకి లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినపడేసరికే గొడ్లని గట్టు మీదికి తోలేసి, ధాన్యం బస్తాలు అటక మీదికి ఎక్కించేసి ఉంటారు. "గోదారి పెరుగుతుంది" అన్నది ఏటా జరిగే సంగతి. "గోదారి పెరగబోతోంది" అన్నది ఇవాళ సాయంత్రంలోగా చెయ్యాల్సిన పని. ఫ్రెంచిలో చెప్పాలంటే: "ల ఫ్లెవ్ వా మోఁతే." ఏరు పెరగబోతోంది. ఇది నోటికొచ్చిందంటే ఫ్యుత్యుర్ ప్రోష్‌లో మీకు ఒక వాక్యం వచ్చేసినట్టే.

ఫ్రెంచి మన గోదావరి జిల్లాలకి మరీ పరాయి భాషేం కాదు. కాకినాడ నుంచి దక్షిణంగా కోరంగి, తాళ్ళరేవు దాటితే గౌతమి ఒడ్డున యానాం వస్తుంది. 1723లో ఫ్రెంచివాళ్ళు ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టి, కొన్నేళ్ళకే మూటాముల్లే సర్దుకుని, 1731లో మళ్ళీ వచ్చారు. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, మధ్యలో ఈ చిన్న ఊళ్ళో ఫ్రెంచి పాలన. 1954 జూన్ 13న యానాంలో ఆ పాలన కూలింది. ఆ ఏడాది నవంబరు 1న ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉన్న మిగతా ఊళ్ళతో కలిపి భారతదేశానికి అప్పగింత జరిగింది, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం కూడా పూర్తయింది. ఈ అప్పగింత కోసం 1956 మే 28న ఢిల్లీలో రాసుకున్న ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వద్దని నిర్ణయించేదాకా ఈ ఊళ్ళల్లో ఫ్రెంచే అధికార భాషగా ఉంటుందని ఒక షరతు పెట్టుకున్నారు. యానాంలో పొలాలన్నీ తెలుగు పొలాలే, మనుషులంతా తెలుగువాళ్ళే, అయినా దస్తావేజుల్లో ఫ్రెంచి.

యానాం విమోచన పోరాటంలో ముందు నడిచిన దడాల రఫేల్ రమణయ్య గారు ఫ్రెంచి వచ్చినవారే. పుదుచ్చేరిలో ఫ్రెంచి ప్రభుత్వం కిందే పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. తర్వాత ఆ ప్రభుత్వాన్నే ఎదిరించారు. పరాయి భాష నేర్చుకుంటే మన వెన్నెముక వంగిపోతుందని భయపడేవాళ్ళు ఆయన జీవితం చదవాలి. పాలించేవాడి భాష తెలిసినవాడికి వాడి కాగితం తెలుస్తుంది, వాడి చట్టం తెలుస్తుంది, ఎక్కడ పట్టుకుంటే వాడు ఆగుతాడో తెలుస్తుంది.

ఇక పాఠంలోకి వద్దాం.

వెళ్ళడాన్ని ఫ్రెంచిలో "ఆలే" అంటారు. దాని వర్తమాన రూపాలు ఆరు. నేను వెళ్తున్నాను: జ వే. నువ్వు: త్యు వా. అతను: ఇల్ వా, ఆమె అయితే ఎల్ వా. మేము లేదా మనం: నూజాలోఁ. మీరు: వూజాలే. వాళ్ళు: ఇల్ వోఁ. "జ" అన్నచోట మన జకారం కాదు, టెలివిజన్ అనేటప్పుడు వచ్చే జ పలకాలి. రాతలో వీటి చివర ఏవేవో అక్షరాలు ఉంటాయి గాని నోట్లోకి రావు. నువ్వుకీ అతనికీ రాత వేరు, పలుకు ఒకటే. మేముకీ మీరుకీ మాత్రం రాతలో నిద్రపోతున్న అక్షరం ఒకటి పక్కన అచ్చు తగిలేసరికి లేచి, టెలివిజన్‌లోని జ లా కాక ఇంగ్లీషు z లా పలుకుతుంది. అందుకే నూ, ఆలోఁ అని విడివిడిగా అనరు, నూజాలోఁ అంటారు.

అరసున్న పెట్టినచోట గాలి కొంత ముక్కులోంచి పోవాలి. చివర మకారం గాని నకారం గాని వినపడకూడదు. "వోన్" అన్నా తప్పే, "వోమ్" అన్నా తప్పే. అద్దం ముందు నిలబడి "వోఁ" అనండి. పెదవులు గుండ్రంగా ఉండి, మాట అయిపోయాక కూడా మూసుకోకుండా ఉంటే సరిగ్గా పలికినట్టు. మూసుకున్నాయంటే మకారం దూరిపోయింది. ఈ ఒక్క ధ్వని మీద వారం రోజులు ఖర్చుపెట్టినా నష్టం లేదు, ఎందుకంటే ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు అడుగడుగునా తగులుతాయి.

ఈ ఆరింటిలో ఒకటి తీసుకుని, దాని పక్కన చెయ్యబోయే పనిని మార్పు లేకుండా అలాగే పెట్టేస్తే సమీప భవిష్యత్తు తయారు. తినడం "మాఁజే". జ వే మాఁజే: తినబోతున్నాను. బయల్దేరడం "పార్తీర్". ఇల్ వోఁ పార్తీర్: వాళ్ళు బయల్దేరబోతున్నారు. దిగడం "దెసాఁద్ర్". ఎల్ వా దెసాఁద్ర్: ఆమె దిగబోతోంది. ఫ్రెంచి క్రియలు మూడు గణాలనీ, అందులో మూడో గణం పరమ మొండిదనీ భయపెడతారు. ఈ కాలంలో ఆ మొండితనం బయటపడే అవకాశమే లేదు. మారేది వెళ్ళడం ఒక్కటే, దాని రూపాలు ఆరూ మీకు వచ్చేశాయి.

మనవాళ్ళకి ఇది ఇట్టే పట్టుబడాలి. "చేయబోతున్నాను"లో ఉన్నదీ పోవడమే కదా. చేయన్ పక్కన పోవు చేరింది, ద్రుతం తర్వాత పరుషం సరళమైంది, చేయఁబోవు అయింది. ద్రుతసంధి చదివినవాళ్ళకి ఇది కొట్టినపిండి. మనం పనిని ముందు పెట్టి పోవడాన్ని వెనక తగిలిస్తాం. వాళ్ళు పోవడాన్ని ముందు పెట్టి పనిని వెనక పెడతారు. వెళ్ళడాన్నే చెప్పాలనుకోండి, మనం "వెళ్ళబోతున్నాను" అంటూ రెండు కదలికల్ని ఒక మాటలో కూర్చినట్టే వాళ్ళూ "జ వే ఆలే" అంటారు. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచిలోకి వెళ్ళే అలవాటు మానుకోండి. ఇక్కడ తెలుగులోంచే తిన్నగా దారి ఉంది.

ఎర్రనీరు వచ్చే రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రంలోంచి గోదావరికి ఎదురీదుతూ పులస చేప వస్తుంది. యానాంలో దాని వేలంపాట చూడదగ్గది. తడి నేల మీద చేప, చుట్టూ గుండ్రంగా మనుషులు, కొనేవాడు ఇంకా నోరు తెరవకముందే అతని కళ్ళని బట్టి పాట ఎంతదాకా వెళ్తుందో లెక్కకట్టే చేపలావిడ. అక్కడ నిలబడి వాక్యాలు కట్టండి. "ఎల్ వా వాఁద్ర్ ల ప్వాసోఁ": ఆమె చేపని అమ్మబోతోంది. "ఇల్ వా పేయే": అతను డబ్బు కట్టబోతున్నాడు. "నూజాలోఁ అష్తే ద్యు ప్వాసోఁ": మేము చేప కొనబోతున్నాం. పులసకి ఫ్రెంచి మాట వెతకొద్దు, పులస అనే అనండి. ఊరి పేర్లకీ, చేప పేర్లకీ, వంటల పేర్లకీ మన మాటలే ఉంచేస్తే వాక్యం సగం బరువు దిగిపోతుంది.

మాటల్లో ఫ్రెంచివాళ్ళు నూజాలోఁ కంటే "ఓఁ వా" ఎక్కువ వాడతారు. మనం అనే అర్థమే, క్రియ మాత్రం అతనికి వాడే "వా". ఓఁ వా మాఁజే: తిందాం, తినబోతున్నాం. రాతపరీక్షకి నూజాలోఁ, స్నేహితులతో ఓఁ వా.

మర్యాద దగ్గర గోదావరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాటమాటకీ అండీ చేర్చి మాట్లాడే ఊళ్ళవాళ్ళం. కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో, పరీక్ష తీసుకునే మాస్టారితో "వూజాలే" అనాలి, ఈడువాళ్ళతోనూ పిల్లలతోనూ "త్యు వా". నువ్వు, మీరు తేడా లేని ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి తడబడేది ఇక్కడే. మీరు తడబడరు.

అసలు కష్టం కాదనడంలో ఉంది, అదీ వ్యాకరణం వల్ల కాదు. వ్యాకరణం చిన్నదే: వెళ్ళడానికి ముందు "న", తర్వాత "పా". జ న వే పా మాఁజే: నేను తినబోవడం లేదు. ఈ రెండు ముక్కలూ వెళ్ళడం చుట్టూనే కూర్చుంటాయి, తినడం జోలికి పోవు. ఇంతే. కానీ మనకి కాదనడం చేతకాదు. పెళ్ళికి పిలిస్తే వస్తామంటాం, చీటీ వెయ్యమంటే చూద్దామంటాం, ఆదివారం పని చెప్తే సరేలెండి అంటాం. అవతలివాళ్ళు మన సరేని నమ్మి కుర్చీ ఉంచుతారు, విస్తరి వేస్తారు. మనం వెళ్ళం. మొహమాటం మర్యాద కాదు, అది అవతలివాళ్ళకి చేసే అన్యాయం. ఈ పాఠం నేర్చుకునే రోజుల్లో చెయ్యనివి కూడా పైకి చెప్పండి. "జ న వే పా వెనీర్ దిమాఁష్": ఆదివారం నేను రాబోవడం లేదు. నోట్‌బుక్కులో ఫ్రెంచిలో రాసుకున్నాక అదే మాట తెలుగులో, నవ్వుముఖంతో, అవతలివాళ్ళకి సమయం మిగిలుండగానే చెప్పండి.

ఎప్పుడు, ఎక్కడ అని కలిపి చెప్తే మాట పనిగా మారే అవకాశం ఎంత పెరుగుతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించారు. ఆయనా, సహ పరిశోధకురాలూ కలిసి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, క్రిస్మస్ ముందు రోజు ఎలా గడిపారో రాసి రెండు రోజుల్లోగా పంపమని విద్యార్థుల్ని అడిగారు. కొందరిచేత మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాయించుకున్నారు. అలా రాసిచ్చినవాళ్ళలో సుమారు ముప్పావు వంతు మంది పని పూర్తిచేశారు. మిగతావాళ్ళలో చేసింది సుమారు మూడో వంతే. రెండు గుంపులకీ పని చెయ్యాలనే ఉంది. ఒక గుంపు పనిని గంటకీ చోటుకీ కట్టేసింది, అంతే తేడా.

కాబట్టి మీ వాక్యానికి గంట తగిలించండి. రేపు "దమేఁ", పొద్దున్న "ల మతేఁ", ఆరింటికి "ఆ సీజ్ ఏర్". "దమేఁ, ఆ సీజ్ ఏర్, జ వే మార్షే": రేపు ఆరింటికి నడవబోతున్నాను. రాత్రి పడుకునే ముందు ఇలాంటివి మూడు చాలు, పది వద్దు. పది రాసినవాళ్ళు మర్నాడు రెండు చేసి, మిగతా ఎనిమిదికీ సిగ్గుపడి, ఆ పుస్తకం మళ్ళీ తెరవరు. మర్నాడు రాత్రి, చేసినదానికి గీత కొట్టండి. చెయ్యనిదాన్ని మళ్ళీ రాయాలా, లేక దానికి న, పా తగిలించి వదిలించుకోవాలా తేల్చండి. ఎటూ తేల్చకుండా మాత్రం ఉంచకండి.

ఇంకొక చిక్కు ఉంది. లేవడం, స్నానం చెయ్యడం, ఆగడం లాంటి పనుల్ని ఫ్రెంచివాళ్ళు తనని తాను చేసుకున్నట్టు చెప్తారు. మనం "కొను" చేర్చి కడుక్కోవడం, దువ్వుకోవడం అన్నట్టే. లేవడం "స లవే". నేను అయితే జ వే మ లవే, నువ్వు అయితే త్యు వా త లవే, అతను అయితే ఇల్ వా స లవే, మేము అయితే నూజాలోఁ నూ లవే. మనిషి మారితే ఆ చిన్న మాట కూడా మారుతుంది, దాని చోటు ఎప్పుడూ పనికి ముందే. "దాన్ని" అనే మాట కూడా అక్కడే కూర్చుంటుంది. జ వే ల ఫేర్: నేను దాన్ని చెయ్యబోతున్నాను. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునే చోటు ఇది. వెళ్ళడానికీ పనికీ మధ్య అని గుర్తుపెట్టుకోండి.

సాధనకి క్లాసు కంటే బస్సు మంచిది. అమలాపురంలో యానాం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ముమ్మిడివరం వచ్చేసరికి ఎవరో సంచి సర్దుకుని ముందుకి జరుగుతారు. "ఇల్ వా దెసాఁద్ర్." డ్రైవరు వేగం తగ్గిస్తాడు. "ల బ్యూస్ వా సారెతే": బస్సు ఆగబోతోంది. మురమళ్ళలో గుడికి వచ్చినవాళ్ళు గుంపుగా నిలబడి ఉంటారు. "ఇల్ వోఁ మోఁతే": ఎక్కబోతున్నారు. ఎక్కడానికీ ఏరు పెరగడానికీ అదే మాట, మోఁతే. పడమట మబ్బు కమ్మితే "ఇల్ వా ప్లవ్వార్": వాన పడబోతోంది. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన మీదికి ఎక్కుతుండగా "ఓఁ వా త్రావెర్సే": దాటబోతున్నాం. 2002లో ఈ వంతెన తెరిచేదాకా ఇక్కడ గౌతమి దాటాలంటే పడవో పంటో ఎక్కాల్సిందే. ప్రతి వాక్యం నిజమైందో కాదో మీకు నిమిషంలో తెలిసిపోతుంది, పుస్తకంలో అభ్యాసాలకి లేని సుఖం ఇది. పెదవులు కదిలితే పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఆగకండి. వాళ్ళు ఫోన్లో ఉంటారు.

ఇదే కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపితే "చేయబోయాను" వస్తుంది. "జాలే పార్తీర్" అంటే బయల్దేరబోయాను, అంతలో ఏదో అయింది. ఫోన్ మోగింది, చుట్టం వచ్చాడు, వాన పట్టుకుంది. తెలుగులో "పడబోయి నిలదొక్కుకున్నాడు" అన్నప్పటి భావమే. ఫ్రెంచిలో ఈ ప్రయోగానికి వెళ్ళడం రెండు కాలాల్లోనే పనికొస్తుంది, ఇప్పటిది ఒకటి, ఇలా వెనక్కి జరిపింది ఒకటి. ఎవరైనా "ఎందుకు రాలేదు?" అంటే జాలే వెనీర్ అని మొదలుపెట్టొచ్చు. వారానికి ఒకటి కంటే ఎక్కువ వాడాల్సి వస్తోందంటే మీ రాత్రి వాక్యాల్లో గంటలు సరిగ్గా వెయ్యడం లేదని అర్థం.

ఫ్రెంచి భాషా పరీక్ష డెల్ఫ్ రాయబోయేవాళ్ళకి ఒక మాట. మొదటి మెట్టు ఏ-1లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగు భాగాలు, ఒక్కొక్కటి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. మన పిల్లలు రాయడంలో మార్కులు కూడబెట్టి మాట్లాడడంలో పోగొట్టుకుంటారు. వచ్చే వారం ఏం చేస్తారు, సెలవులకి ఎక్కడికి వెళ్తారు అన్న ప్రశ్నలకి ఈ ఆరు రూపాలు చాలు. మొదట్లో చూసిన "ఎలోరా" లాంటి సాధారణ భవిష్యత్తు కోసం బుర్ర గోక్కుంటూ నిశ్శబ్దంగా కూర్చునే కంటే "జ వే..." అని మొదలుపెట్టేస్తే నోరు తెరుచుకుంటుంది, మిగతా మాట దాని వెనక వస్తుంది.

సాధారణ భవిష్యత్తు ఎప్పటికీ వద్దని కాదు. వాతావరణ సూచనల్లో, మాట ఇవ్వడంలో, చాలా దూరంలో ఉన్నవాటిలో అది కావాలి. మాఁజే నుంచి "జ మాఁజ్‌రే" సులువుగానే వస్తుంది. కానీ చెయ్యడం "జ ఫ్రే" అవుతుంది, వెళ్ళడం "జీరే" అవుతుంది, ఉండడం "జ స్రే" అవుతుంది. మూల రూపం పోలిక చాలావరకు పోతుంది, ఒక్కొక్కటి బట్టీ పట్టాల్సిందే. అందుకే దాన్ని రెండో నెలకి పెట్టుకోండి, రోజుకి ఒక్క క్రియ చొప్పున. మొదటి నెల అంతా వెళ్ళడం ఒక్కటే. ఇవాళ రాత్రికి ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమ పక్క ఆరు రూపాలు రాయండి. కుడి పక్క రేపు నిజంగా చెయ్యబోయే మూడు పనులు, వాటి పక్కన గంట. ఆ పనులకి ఫ్రెంచి మాటలు తెలియకపోతే నిఘంటువు చూడండి. అలా చూసిన మూడు మాటలే మీ రేపటి పాఠం.